పెళ్లికీ హత్యకూ నడుమ: మిర్యాలగూడ కథను తెర మీద ఎలా చెప్పాలి?

2018 జనవరిలో హైదరాబాద్ ఆర్యసమాజ్‌లో ఒక పెళ్లి జరిగింది. అమ్మాయిదీ అబ్బాయిదీ మిర్యాలగూడే. బడి రోజుల నుంచి ఒకరికొకరు తెలుసు. అబ్బాయి ప్రణయ్‌ది దళిత క్రైస్తవ కుటుంబం. అమ్మాయిది వైశ్య కుటుంబం, తండ్రి ఊళ్లో పేరున్న రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఆగస్టులో అబ్బాయి తరఫువాళ్లు మిర్యాలగూడలోనే రిసెప్షన్ చేశారు. సెప్టెంబర్ 14న, గర్భవతి అయిన భార్యను డాక్టరుకు చూపించి ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా, వెనక నుంచి వచ్చిన మనిషి ప్రణయ్‌ను నరికి చంపాడు. భార్య, తల్లి పక్కనే ఉన్నారు. ఆసుపత్రి సీసీ కెమెరాలో అదంతా రికార్డయింది.

ఆ కొన్ని క్షణాల దృశ్యాన్ని టీవీ చానళ్లు రోజుల తరబడి వేశాయి. రాష్ట్రమంతా చూసింది. కానీ జనవరి పెళ్లికీ సెప్టెంబర్ హత్యకూ మధ్య దాదాపు ఎనిమిది నెలలు ఉన్నాయి. ఆ ఎనిమిది నెలలను ఏ కెమెరా చూపించలేదు, ఈ ఘటన మీద వచ్చిన సినిమా కూడా ఆ నెలలను ఆ దంపతుల వైపు నుంచి చూడలేదు. కొత్త కాపురం, అదే ఊళ్లో పుట్టిల్లు, రాజీ మాటలు, మధ్యవర్తులు, కడుపులో బిడ్డ, బయట ఎవరో కనిపెడుతున్నారన్న అనుమానం. సైకలాజికల్ థ్రిల్లర్ అనే మాట సినిమా పేజీల్లో తరచుగా చదువుతుంటాం. అది నిజంగా ఏమిటో తెలుసుకోవాలంటే ఈ ఎనిమిది నెలల కన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు. అందుకే ఈ వ్యాసంలో సినిమా సంగతీ మిర్యాలగూడ సంగతీ కలిపే చెబుతాను.

ముందు ఒక మాట. ప్రణయ్ భార్య పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు. అయినా ఇక్కడ రాయడం లేదు. కారణం సినిమా దగ్గరికి వచ్చినప్పుడు మీకే అర్థమవుతుంది.

భయం ఎక్కడ పుడుతుంది

థ్రిల్లర్ అనగానే మనకు వెంటాడే కారు, మోగే తుపాకీ, చివర్లో బయటపడే హంతకుడు గుర్తొస్తారు. నెమ్మదిగా కాలే థ్రిల్లర్ వేరు. అందులో హంతకుడెవరో ప్రేక్షకుడికి మొదట్లోనే తెలిసిపోవచ్చు. ఒక్క దెబ్బా పడకుండా గంటన్నర గడవచ్చు. భయమంతా మామూలు పనుల్లో ఉంటుంది: ఫోన్ మోగడం, గేటు చప్పుడు, భోజనాల దగ్గర ఎవరో అన్న ఒక మాట. పాత్రకు ఏం తెలుసు, మనకు ఏం తెలుసు అన్న తేడా నుంచే ఉత్కంఠ పుడుతుంది.

1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫోతో మాట్లాడుతూ ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీన్ని చాలా తేలికగా వివరించాడు. ఇద్దరు కూర్చుని కబుర్లాడుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు, అది పేలింది. ప్రేక్షకుడు కొన్ని సెకన్లు ఉలిక్కిపడతాడు. అదే బాంబు ఎప్పుడు పేలుతుందో ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, ఆ ఇద్దరూ ఆడుకుంటున్న పనికిరాని కబుర్లు అతను పదిహేను నిమిషాల పాటు ఊపిరి బిగబట్టి వింటాడు. లేచి పొండర్రా అని లోపల్లోపల అరుస్తాడు.

ఇలాంటి కథలకు పెళ్లి, అందులోనూ ఎక్కువ తక్కువల మధ్య జరిగిన పెళ్లి, అంత బాగా ఎందుకు కుదురుతుంది? పెళ్లిలో మనిషి తన ఒంటినీ నిద్రనూ తిండినీ ఇంకొక మనిషికి అప్పగిస్తాడు. అవతలి మనిషి పుట్టి పెరిగిన ఇల్లు తనకు తెలియనిదైతే, ఆ ఇంటి మర్యాదలూ ఆ ఇంటి మౌనాలూ అర్థం కావు. ఏది ఆప్యాయతో ఏది బెదిరింపో తేల్చుకోవడమే కష్టం. హిచ్‌కాక్ 1940లో తీసిన ‘రెబెకా’ అంతా ఈ అయోమయం మీదే నడుస్తుంది. ఒక ధనవంతురాలికి తోడుగా ఉంటూ జీతం తీసుకునే అమ్మాయి, భార్య పోయిన ఒక జమీందారును పెళ్లాడి అతని భవంతికి వస్తుంది. సినిమా మొత్తంలో ఆ అమ్మాయికి పేరే ఉండదు. చనిపోయిన మొదటి భార్య పేరు మాత్రం ప్రతి గదిలోనూ వినిపిస్తుంది. ఒకచోట చేయి తగిలి చిన్న పింగాణీ బొమ్మ పగిలిపోతే, ఇంటి యజమానురాలైన ఆ అమ్మాయి ఇంట్లో పనిచేసే మనిషికి భయపడి ముక్కలను సొరుగులో దాచేస్తుంది. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో ఆ సొరుగు చెప్పేసింది.

1944లో వచ్చిన ‘గ్యాస్‌లైట్’లో భర్తే భార్యకు మతి చలిస్తోందని ఆమెనే నమ్మిస్తాడు. ఇవి మన కథలు కావు, వాటి గురించి ఇంతకన్నా చెప్పను. మనకు మన కథలే ఉన్నాయి.

బలిపీఠం చేసిన పని

తెలుగు సినిమా కులాంతర ప్రేమను చాలా ముందే ముట్టుకుంది. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ 1938లోనే వచ్చింది. బ్రాహ్మణ యువకుడు, దళిత యువతి ప్రేమించుకునే కథను ఆ రోజుల్లో తెర మీద పెట్టడం మామూలు తెగువ కాదు. ఆ తర్వాత చాలా సినిమాలు ఇదే దారిలో వచ్చాయి. అయితే వాటిలో ఎక్కువ భాగానికి పెళ్లి జరగడమే విజయం. పెద్దలు ఒప్పుకుంటారు, శుభం కార్డు పడుతుంది. మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో మనకు తెలియదు.

ఆ మర్నాటి గురించి పట్టించుకున్న రచయిత్రి ముప్పాళ్ల రంగనాయకమ్మ. 1960ల మొదట్లో ఆమె రాసిన ‘బలిపీఠం’ నవలను దాసరి నారాయణరావు 1975లో శోభన్‌బాబు, శారదలతో సినిమాగా తీశారు. చావుబతుకుల్లో ఉన్న బ్రాహ్మణ వితంతువు అరుణ, ముత్తైదువగా చనిపోవాలని కోరుకుంటుంది. దళితుడూ సంస్కరణ భావాలున్నవాడూ అయిన భాస్కర్ ఆమెను పెళ్లి చేసుకుంటాడు. తర్వాత ఆమె కోలుకుంటుంది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. చావు ముందు గుర్తుకు రాని కులం, బతికాక కొద్దికొద్దిగా గుర్తుకొస్తుంది. అతని మనుషులను చూస్తే చిరాకు, అతని అలవాట్లంటే ఏవగింపు, తన వాళ్లు తనను వెలివేశారన్న దిగులు.

బలిపీఠాన్ని ఎవరూ థ్రిల్లర్ అనలేదు, అనాల్సిన పనీ లేదు. కానీ నెమ్మదిగా కాలే కథకు కావలసిన ముఖ్యమైన పని అది చేసింది: కులాన్ని ఊరి రచ్చబండ మీద నుంచి వంటగదిలోకీ పడకగదిలోకీ తెచ్చింది. పెళ్లి చేసుకున్నంత మాత్రాన కులం పోదనీ, ప్రేమించిన మనిషి నోటి నుంచి కూడా అది బయటికి రాగలదనీ చెప్పింది. అరవై ఏళ్ల కిందటి నవల చూపిన ఆ లోతు ఆ తర్వాత మన సినిమాల్లో అరుదైపోయింది. 2020లో ‘కలర్ ఫోటో’, 2021లో ‘ఉప్పెన’, ‘లవ్ స్టోరీ’ మంచి ప్రయత్నాలే. తేడాలను దాచకుండా చెప్పాయి, ప్రేక్షకులు ఆదరించారు. అయినా వాటి బరువంతా ప్రేమ మీదా పారిపోవడం మీదా ఎదురు తిరగడం మీదా ఉంది, కాపురం మీద కాదు.

కాపురం మీద బరువు పెట్టిన సినిమా మరాఠీలో వచ్చింది. నాగరాజ్ మంజులే 2016లో తీసిన ‘సైరాట్’. ఊరి పెత్తందారైన పాటిల్ కూతురు, చేపలు పట్టే కుటుంబంలోని అబ్బాయి పారిపోయి వచ్చే ఊరు ఏది? మన హైదరాబాదే. భాష రాని ఊళ్లో, ఒక బస్తీలో, రేకుల గదిలో కాపురం పెడతారు. బుల్లెట్ నడిపిన ఆ పిల్ల ఇప్పుడు ఫ్యాక్టరీలో కూలికి వెళుతుంది. అక్కడి మురికికి తట్టుకోలేక ఏడుస్తుంది. పేదరికం అతనికి అలవాటే, ఆమెకు కొత్త. డబ్బు, తిండి, అనుమానం, ఒక చెంపదెబ్బ, ఒక రోజు విడిపోవడం, మళ్లీ కలవడం. వర్గం తేడా అంటే ఏమిటో ఆ అరగంటలో తెలుస్తుంది. తర్వాత ఒక బిడ్డ పుడతాడు, సొంత ఫ్లాటు ఆలోచన వస్తుంది, అమ్మకు ఫోన్ చేస్తుంది. కొన్నాళ్లకు పుట్టింటివాళ్లు చీర, సారె పట్టుకుని ఇంటికొస్తారు. ఆమె వాళ్లకు టీ పెట్టి ఇస్తుంది. ఆ టీ గ్లాసులు చూస్తున్నప్పుడు థియేటర్‌లో ఒక్కరూ కదలరు. హిచ్‌కాక్ చెప్పిన బాంబు అదే, బల్ల కింద కాకుండా చీర మడతల్లో ఉంది.

మూడు ఊళ్ల సంగతి

మళ్లీ మిర్యాలగూడకు వద్దాం. ఆ ఊళ్లో, దాని పొరుగునున్న సూర్యాపేట, కోదాడల్లో ఎక్కువ తక్కువలు ఎలా ఏర్పడ్డాయో తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ నల్లగొండ జిల్లాలోవే. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయింది. సూర్యాపేట తాలూకా తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం ఆ ప్రాంతం బిడ్డలే. దొరల గడీల మీద తిరగబడి భూములు పంచిన నేల అది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు మిర్యాలగూడ లోక్‌సభ స్థానం కమ్యూనిస్టులను పలుమార్లు గెలిపించింది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు భూముల తీరే మారింది. వరి వచ్చింది, వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట కమీషన్ వ్యాపారం, వడ్డీ వ్యాపారం, సిమెంటు ఫ్యాక్టరీలు, తర్వాత ప్లాట్లు, వెంచర్లు. సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి పోతుంది, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు పోతుంది. రోడ్డు పక్క ఎకరం ఉన్నవాడు ఒక తరంలోనే కోటీశ్వరుడయ్యాడు. అదే కాలంలో దళిత, వెనకబడిన కులాల పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చారు. అందరి పిల్లలూ ఒకే ఇంగ్లీషు మీడియం బళ్లకు వెళ్లారు. ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

ఇక్కడే చిక్కుముడి ఉంది. వర్గం రేఖ కదిలింది, కులం రేఖ కదల్లేదు. చదువు, బట్ట, మాట, బండి, ఫోన్ ఒకేలా ఉన్న ఇద్దరు పిల్లలకు తమ మధ్య గోడ ఉందని రోజువారీ జీవితంలో ఎక్కడా కనిపించదు. పెళ్లి మాట రాగానే కనిపిస్తుంది. చిన్న పట్టణం కావడం వల్ల ఇంకొక చిక్కు. హైదరాబాద్‌లో అయితే పిల్ల ఎవరిని చేసుకుందో పక్క ఫ్లాటువాళ్లకు తెలియదు. మిర్యాలగూడలో అయితే బజారులో, కల్యాణమండపంలో, కుల సంఘం ఆఫీసులో, గుడి మెట్ల మీద అదే మాట. తండ్రి ఎదుర్కొనే ప్రశ్నలూ ఆయన ఊహించుకునే ప్రశ్నలూ కలిసి ఒక రోగంలా పెరుగుతాయి. ఆ రోగానికి ప్రేమ అని పేరు పెట్టుకునేవాళ్లు కూడా మన మధ్యే ఉన్నారు. అది ప్రేమ కాదు. ఆడపిల్ల తన ఆస్తి అన్న భావం.

ఈ నిచ్చెనకు అంతం లేదని 2020 సెప్టెంబర్‌లో జరిగిన ఒక హైదరాబాద్ యువకుడి హత్య చూపించింది. మిర్యాలగూడలో వైశ్య కుటుంబానికి దళితుడైన అల్లుడు అక్కరలేకపోయాడు. హైదరాబాద్ కేసులో చనిపోయిన అబ్బాయే వైశ్యుడు. అమ్మాయి రెడ్డి కుటుంబానికి చెందింది, హత్య చేయించింది ఆమె వైపు బంధువులే అని పోలీసులు చెప్పారు. ఒక మెట్టు మీద నిలబడి కిందివాణ్ని చూసి అసహ్యించుకునే కులమే, ఇంకో మెట్టు దగ్గర తాను కింద నిలబడాల్సి వచ్చింది.

తండ్రి సినిమా

ఇప్పుడు ఈ ఘటన మీద వచ్చిన ‘మర్డర్’ సినిమా గురించి. ప్రణయ్ హత్యకేసులో మొదటి నిందితుడు అమ్మాయి తండ్రే. కోటి రూపాయలకు సుపారీ మాట్లాడాడనీ, అడ్వాన్సు ఇచ్చాడనీ, బిహార్ నుంచి హంతకుణ్ని రప్పించారనీ పోలీసులు చెప్పారు. బెయిలు మీద ఉండగా 2020 మార్చిలో హైదరాబాద్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అదే ఏడాది జూన్ 21న, ఫాదర్స్ డే నాడు, రామ్‌గోపాల్ వర్మ ‘మర్డర్’ సినిమా పోస్టరు విడుదల చేశాడు. కూతురిని అతిగా ప్రేమించిన తండ్రి కథ అన్న ధోరణిలో దాన్ని ప్రచారం చేశాడు. పిల్లల్ని ప్రేమించడం తప్పా అని అడిగే పాట ఒకటి వదిలాడు. దర్శకుడు ఆనంద్ చంద్ర, తండ్రి పాత్రలో శ్రీకాంత్ అయ్యంగార్, కూతురి పాత్రలో సాహితి.

అప్పటికి కేసు విచారణలో ఉంది. సాక్షులు ఇంకా కోర్టులో చెప్పాల్సి ఉంది. భర్తను కళ్లముందు పోగొట్టుకున్న స్త్రీ, ఆ తర్వాత పుట్టిన పసివాడు అదే ఊళ్లో ఉన్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. బాధిత కుటుంబం కోర్టుకు వెళ్లింది, మిర్యాలగూడలో పోలీసు కేసు నమోదైంది, 2020 ఆగస్టులో నల్లగొండ కోర్టు విడుదల ఆపింది. నవంబర్‌లో హైకోర్టు, అసలు వ్యక్తుల పేర్లు వాడకూడదన్న షరతుతో స్టే ఎత్తివేసింది. డిసెంబర్ 24న సినిమా విడుదలైంది.

ఆ సినిమా మీద నా ప్రధాన అభ్యంతరం అది నిజఘటన మీద తీసినందుకు కాదు. నిజఘటనల మీద గొప్ప సినిమాలు వచ్చాయి, రావాలి కూడా. నా అభ్యంతరం దృష్టికోణం గురించి. కథ ఎవరి కళ్లతో చెబుతామో వాళ్ల భయమే ప్రేక్షకుడి భయమవుతుంది. తండ్రి కళ్లతో చెబితే ప్రేక్షకుడు భయపడేది కూతురు ఇల్లు దాటడానికి, అవమానానికి, నలుగురి మాటకు. ప్రణయ్ ప్రాణం అక్కడ కథలో ఒక అడ్డంకి మాత్రమే అవుతుంది. ఫాదర్స్ డే పోస్టరుతోనే ఆ నిర్ణయం జరిగిపోయింది. హంతకుడి మనసు చూపడం తప్పు కాదు. ఆ మనసులో ఉన్న స్వార్థాన్ని వాత్సల్యం అని పిలవడం తప్పు.

పేరు సంగతి ఇక్కడికి వచ్చింది. పాత్రల పేర్లు మార్చినంత మాత్రాన ఎవరి కథో జనానికి తెలియకుండా పోలేదు. ఆ స్త్రీ జీవితాన్ని టీవీ చర్చలూ సోషల్ మీడియా తిట్లూ సినిమా పోస్టర్లూ ఆమెను అడగకుండానే వాడుకున్నాయి. భర్త చనిపోయిన నాటి నుంచి న్యాయం కోసం నిలబడినందుకు ఆమె పడ్డ దూషణ ఇంతా అంతా కాదు. ఇంకొకసారి ఆమె పేరు వాడకుండా కూడా ఈ విషయం మాట్లాడుకోవచ్చు.

ఎనిమిది నెలల్లో ఏముంది

ఆ కాలాన్ని తేదీల వరసలో చూడండి. జనవరిలో పెళ్లి. మార్చి 27న ఢిల్లీలో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పు ఇచ్చింది. ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకున్న పెళ్లిలో కులపెద్దలకూ కుటుంబానికీ జోక్యం చేసుకునే హక్కు లేదంది. ప్రతి జిల్లాలో ఎస్పీతో ప్రత్యేక విభాగం పెట్టాలనీ, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలనీ, ప్రమాదం ఉన్న దంపతులకు రక్షణ, తలదాచుకునే చోటు ఇవ్వాలనీ చెప్పింది. ఇలాంటి కేసుల విచారణ రోజువారీగా నడిపి, వీలైతే కేసు చేపట్టిన ఆరు నెలల్లో ముగించాలంది. మిర్యాలగూడ దంపతులు కొత్త కాపురంలో ఉన్న రోజుల్లోనే వచ్చిన తీర్పు ఇది. ఆ తీర్పు వచ్చిన ఆరు నెలల లోపే ప్రణయ్‌ను చంపారు.

ఆ మధ్యలో కడుపు పండింది. గర్భం తీయించుకోమని తండ్రి ఒత్తిడి చేశాడని ఆమె తర్వాత బహిరంగంగానే చెప్పింది. రిసెప్షన్ వీడియో జనంలోకి వెళ్లింది. దర్యాప్తులో తేలిందేమిటంటే, హత్యకు పథకం ఒక్క రోజులో వేసింది కాదు. రెక్కీ నడిచింది, అంతకుముందే విఫలయత్నాలు జరిగాయి. అంటే ఆ దంపతులు సంతోషంగా ఇంటికి తిరిగొచ్చిన ఏదో ఒక సాయంత్రం వాళ్లకు తెలియకుండానే చావు నుంచి తప్పించుకున్న సాయంత్రం.

సైకలాజికల్ థ్రిల్లర్ పునాది అంతా ఇదే. ఆ ఇంట్లో మాట్లాడుకున్న మాటలు మనకు తెలియవు, ఊహించి వాళ్లకు అంటగట్టకూడదు కూడా. కానీ ఇలాంటి ఏ కాపురంలోనైనా కొన్ని ప్రశ్నలు తప్పవు. అమ్మ ఫోన్ ఎత్తాలా వద్దా? ఎత్తితే ఆసుపత్రి ఏదో చెప్పాలా? నాన్న మారాడని బంధువొకరు వచ్చి చెబితే నమ్మాలా? నమ్మకపోతే కన్నవాళ్లను అనుమానించిన కూతురవుతుంది, నమ్మితే ఏమవుతుందో తెలియదు. భర్త వైపు చూస్తే ఇంకొక రకం భయం. తన వల్ల తన కుటుంబానికి ముప్పు వచ్చిందన్న బాధ అతనికి ఉంటుంది, ఆ మాట భార్యతో అనలేడు. అత్తగారు కోడలిని కడుపులో పెట్టుకుని చూసుకుంటూనే, కొడుకు బయటికి వెళ్లిన ప్రతిసారీ గేటు వైపు చూస్తుంటుంది. వర్గం తేడా ఆ ఇంట్లో తిండి దగ్గరో బట్ట దగ్గరో మాత్రమే కనిపించదు. ఎవరి పలుకుబడి పోలీసు స్టేషన్ దాకా వెళుతుంది, ఎవరి ఫిర్యాదు బల్ల మీదే ఉండిపోతుంది, ఎవరు లాయరుకు డబ్బు పెట్టగలరు, ఎవరు ఊరు వదిలి పోగలరు అన్న లెక్కల్లో కనిపిస్తుంది.

ప్రణయ్ హత్య తర్వాత అయిదు రోజులకే, సెప్టెంబర్ 19న, హైదరాబాద్ ఎర్రగడ్డలో నడిరోడ్డు మీద ఒక తండ్రి కూతురి మీదా అల్లుడి మీదా కత్తి దూశాడు. మాట్లాడుకుందాం, బట్టలు పెడతాను రమ్మని పిలిస్తే ఆ దంపతులు వెళ్లారు. ప్రేమగా పిలిచిన పిలుపే వల. సైరాట్‌లోని చీర ఊహ కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తీర్పు వచ్చిన ఏడాది

ప్రణయ్ కేసులో ఛార్జిషీటు 2019లో దాఖలైంది. తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు, కత్తి పట్టిన నిందితుడికి ఉరిశిక్ష, మిగతా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆరు నెలల్లో ముగియాలన్న విచారణకు ఆరేళ్లు దగ్గర దగ్గర పట్టింది. మరణశిక్షను నేను సమర్థించను. కానీ ఆ ఏడుగురూ చట్టం ముందు దోషులుగా నిలబడటం ఈ ప్రాంతానికి చాలా ముఖ్యమైన విషయం.

ఆ తీర్పుకు ఆరు వారాల ముందు, 2025 జనవరి 27న, సూర్యాపేట శివారు పిల్లలమర్రి దగ్గర మూసీ కాలువ గట్టున ఒక దళిత యువకుడి శవం దొరికింది. అతనూ కులాంతర వివాహం చేసుకున్నవాడే. పెళ్లయి నెలలే అయింది. భార్యది వెనకబడిన కులం. ఆమె సోదరులు, వాళ్ల కుటుంబసభ్యులు నిందితులని పోలీసులు చెప్పారు. పరిచయస్తుడే నమ్మకంగా పిలుచుకుని వెళ్లాడన్నది ఆరోపణ. ఇక్కడ కోటి రూపాయల సుపారీ మాట లేదు. మిర్యాలగూడ ఘటనను డబ్బున్నవాడి అహంకారంగా మాత్రమే చూసి పక్కన పెట్టేవాళ్లకు సూర్యాపేట ఘటన జవాబు. డబ్బు హత్య చేయించే పద్ధతిని మారుస్తుంది. హత్యకు కారణం మాత్రం డబ్బు లేని ఇంట్లోనూ ఉంది.

మళ్లీ అదే నమూనా చూడండి. పెళ్లికీ హత్యకూ మధ్య కొన్ని నెలల ప్రశాంతత, తెలిసిన మనిషి పిలుపు, పిలిచినచోటికి వెళ్లడం. ఆ నెలల్లో ప్రమాదం తగ్గిందని దంపతులు అనుకుంటారు, పోలీసులూ అనుకుంటారు. నిజానికి తగ్గదు. పుట్టింటివాళ్లలో కోపం అరుపుల నుంచి మౌనంలోకి మారినప్పుడు, బెదిరింపులు ఆగి ఆప్యాయత మొదలైనప్పుడు, బిడ్డ పుట్టబోతోందని తెలిసినప్పుడు రక్షణ ఇంకా పెరగాలి. బిడ్డ పుట్టాక పెళ్లి ఇక తిరిగిరానిదవుతుందన్నది హంతకుల లెక్క. మంచి సైకలాజికల్ థ్రిల్లర్ చేయగలిగిన మేలు ఇక్కడే ఉంది. ఏ మాట వెనక ఏముందో కనిపెట్టే చూపును అది ప్రేక్షకుడికి అలవాటు చేస్తుంది. ఆ చూపు ఒక ఎస్సైకి ఉన్నా, ఒక నర్సుకు ఉన్నా, ఒక పక్కింటి ఆవిడకు ఉన్నా ప్రాణం నిలబడవచ్చు.

అలాంటి సినిమా ఎలా ఉండాలి? నా అభిప్రాయం చెబుతాను. సీసీ కెమెరా దృశ్యాన్ని మళ్లీ తీయకూడదు. ఆ కుటుంబం దాన్ని లక్షసార్లు చూడాల్సి వచ్చింది, చాలు. హత్య తెర మీద కనిపించకపోయినా ఫరవాలేదు. కథ భార్య కళ్లతోనో, అత్తగారి కళ్లతోనో నడవాలి. తండ్రి రాక్షసుడిలా అరవకూడదు. మర్యాదస్తుడిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషిగా ఉండాలి, ఎందుకంటే అసలు భయం అక్కడ ఉంది. ఊరు ఊరులాగే ఉండాలి: మిల్లుల పొగ, ధాన్యం లారీలు, కల్యాణమండపాల ముందు ఫ్లెక్సీలు, ఆసుపత్రి ముందు చెప్పుల వరస. భాష నల్లగొండ భాషే కావాలి. దళిత కుటుంబాన్ని జాలి కోసం పెట్టకూడదు. ఆ ఇంట్లో చదువుంది, ఉద్యోగముంది, నవ్వుంది, కోడలిని గుండెల్లో పెట్టుకున్న ధైర్యముంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి ఫిల్మ్‌నగర్‌కు వెళ్లిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఈ కథ రాయండి. అయితే పోస్టరు వేసేముందు బాధిత కుటుంబాల గడప తొక్కండి, వాళ్లు వద్దంటే ఆ నిజఘటనను వదిలేసి కల్పిత కథ రాసుకోండి. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఇలాంటి పెళ్లి చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే, పుట్టింటి నుంచి వచ్చే పిలుపుకు ఒంటరిగా వెళ్లకండి. శక్తివాహిని తీర్పు ప్రకారం మీ జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా రక్షణ కోరే హక్కు మీకు ఉంది. ఆ దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి.